పోకెమాన్ అభిమానబృందము: ఆదవాని, ఎమ్మిగనూరు సీమనుండి ఒక చారిత్రక పరిశీలనము

ఉపోద్ఘాతము

బాలుర ఆటలు చరిత్రకారుని దృష్టికి సామాన్యముగా రావు. శాసనములందు వాని ప్రసక్తి అరుదు. కైఫీయతులలో అంతకంటెను అరుదు. అయినను దక్షిణదేశమందలి పాత దేవాలయముల మండపములలో బండలమీద పులిజూదపు గీతలు నేటికిని కనబడుచున్నవి. గుడి కట్టించిన ప్రభువు పేరు శాసనమున నిలిచినది. అచ్చట కూర్చుండి ఆడినవారి పేరు నిలువలేదు గాని, ఆడిన గుర్తు నిలిచినది. ఈ కాలపు ఆటలకు ఆపాటి గుర్తు సైతము మిగులునను నమ్మకము లేదు. ఇవి రాతిమీద గాక తెరమీద ఆడబడుచున్నవి. తెర ఆరిన తోడనే ఆట కనుమరుగగును.

అట్టి ఆటలలో పోకెమాన్ ఒకటి. ఇది 1996లో జపానునందు పుట్టి, మూడు దశాబ్దములుగా ఎడతెగక సాగుచున్నది. జేబులో ఇమిడెడు వింతప్రాణులని ఈ పేరునకు భావము. ప్రాణులను వెదకి పట్టుట, పెంచుట, పోరాడించుట, ఇతరులతో మార్చుకొనుట దీని స్వరూపము. తొలుత 151గా ఉన్న ఈ ప్రాణుల సంఖ్య 2024 నాటికి 1025కు పెరిగినది. ఆట చరిత్రను వ్రాయుట మా ఉద్దేశము కాదు. దానిచుట్టు చేరిన అభిమానుల బృందము ఎట్లు ఏర్పడినది, ఏమి చేసినది, మన పడమటి కర్నూలు సీమనుండి చూచినచో దాని చరిత్ర ఎట్లు కనబడును అనునదే మా విచారణాంశము.

ఈ సీమనే ఏల గ్రహించితిమో చెప్పవలసియున్నది. ఆదవాని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్రావతరణముతో కర్నూలు జిల్లాలో చేరినది. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఇచ్చటి వీథులలో వినబడును. ఆదవాని పత్తివర్తకమునకు పేరుగన్నది. ఎమ్మిగనూరు చేనేతకు, మాచాని సోమప్ప గారు 1938లో స్థాపించిన సహకార సంఘమునకు పేరుగన్నది. ఇవి పల్లెలు కావు, మహానగరములును కావు. పరదేశపు వినోదవస్తువు బొంబాయి, హైదరాబాదు, బెంగుళూరులకు వచ్చి, అటుపిమ్మట చేరెడు ఊళ్లివి. ఒక ఉద్యమమును కేంద్రమునుండి చూచినప్పుడు అంగడియు ప్రచారమును కనబడును. అంచునుండి చూచినప్పుడు కొరత కనబడును. పోకెమాన్ అభిమానబృందమును కూర్చినది సమృద్ధి కాదు, కొరతయే అని మా వాదము.

లిఖితపత్రిక నుండి ఆటకు

ఈ ఆటను కల్పించిన సతోషి తజిరి 1965లో జన్మించెను. టోక్యో శివారునందలి మచిదాలో ఆయన బాల్యము గడచినది. పురుగులను పట్టి పెంచుట ఆ బాలుని వ్యసనము. పొలములును చెరువులును పూడిపోయి ఇండ్లు లేచిన తరువాత పురుగులకు తావు లేకపోయెను. తాను అనుభవించిన ఆ వేట తరువాతి పిల్లలకు లేకపోవుచున్నదను చింతయే ఆటకు బీజమని ఆయన చెప్పియున్నాడు. మూలమునందే ఒక లోటు ఉన్నదని దీనివలన గ్రహింపవచ్చును.

తజిరి మొదట వర్తకుడు కాడు, అభిమాని. 1983లో వీడియో ఆటలమీది మక్కువతో ‘గేమ్ ఫ్రీక్’ అను చిన్న పత్రికను చేతితో వ్రాసి, ప్రతులు తీసి, కుట్టి అమ్మెను. ఆ పత్రికను చూచి ఆకర్షితుడై వచ్చిన చిత్రకారుడు కెన్ సుగిమొరి. తరువాత పోకెమాన్ ప్రాణులకు రూపమిచ్చినవారిలో ఆయనయే ముఖ్యుడు. 1989లో ఆ పత్రిక పేరే సంస్థ పేరైనది. మన కళాశాలలలో లిఖితపత్రికలు నడపినవారి ఉత్సాహమును ఎరిగిన వారికి ఇది వింతగా తోచదు. మన లిఖితపత్రికలనుండి కొందరు రచయితలు వెలువడిరి. ఆ లిఖితపత్రికనుండి ఒక ఆట వెలువడినది. అందువలన ముందు ఆట, తరువాత అభిమాని అను వరుస ఇచ్చట చెల్లదు. అభిమానియే ముందు.

వినిమయము

1996 ఫిబ్రవరి 27న ఈ ఆట గేమ్ బాయ్ అను చేతి యంత్రముకొరకు ఎరుపు, ఆకుపచ్చ అను రెండు ప్రతులుగా వెలువడినది. రెండింటను కథ యొక్కటే. ప్రాణులలో మాత్రము భేదము కలదు. ఎరుపులో దొరకు కొన్ని ప్రాణులు ఆకుపచ్చలో దొరకవు. ఆకుపచ్చలోనివి ఎరుపులో దొరకవు. ఆరంభమున మూడు ప్రాణులలో ఒక్కదానినే కోరుకొనవలెను. తక్కిన రెండును చేజారును. మరి కొన్ని ప్రాణులు యజమాని మారినప్పుడే పూర్ణరూపమును పొందును. ఒక్కని చేతిలోనే ఉన్నంతకాలము ఎదుగవు. కావున ఎంత ప్రజ్ఞావంతుడైనను ఒంటరిగా పట్టికను పూర్తిచేయజాలడు. రెండు యంత్రములను ఒక తీగతో కలిపి, ఎదురెదురుగా కూర్చుండి, ప్రాణులను మార్చుకొనవలసినదే.

ఈ నియమమును తేలికగా చూడరాదు. చదరంగమునకు ప్రత్యర్థి కావలెను. ఈ ఆటకు పొరుగువాడు కావలెను. ప్రత్యర్థిని ఓడించిన పిదప వానితో పని తీరును. పొరుగువానితో పని తీరదు. నేడు వాని దగ్గర లేనిది రేపు ఉండవచ్చును. సంతలో ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుకొన్న కాలమునాటి బంధమిది. వర్తకుడు రెండు ప్రతులు అమ్ముటలో తన లాభమును చూచుకొనలేదని మేము అనము. కాని ఆ లాభాపేక్షవలన ఏర్పడిన బృందము వర్తకుని లెక్కకు మించిపోయినది.

రహస్యమును వదంతియు

పట్టికలో 150 ప్రాణులున్నవని ప్రకటింపబడినది. నిజమునకు 151వది ఒకటి ఉన్నది. ఆటను సరిచూచుటకు వాడిన పరికరములను తుదిలో తొలగింపగా కొంచెము చోటు మిగిలినది. అందు షిగెకి మొరిమొతో అను క్రమలేఖకుడు ‘మ్యూ’ అను ప్రాణిని దాచెను. సామాన్య క్రీడాకారునికి అది లభ్యము కాదు. కాని వార్త పొక్కినది. 1996లో ‘కొరోకొరో’ అను బాలపత్రిక ఇరువదిమందికి మాత్రము మ్యూను ఇత్తుమని ప్రకటింపగా, 78,000 మంది దరఖాస్తు పెట్టుకొనిరి. ఆట ప్రఖ్యాతికి ఇదియొక ముఖ్యకారణమని దాని నిర్మాతలే తరువాత చెప్పిరి.

ఇరువదిమంది పొందిరి, తక్కినవారు కథలు చెప్పుకొనిరి. ఆటలో ఓడరేవు దగ్గర ఒక లారీ బొమ్మ ఉన్నది. దానికి ఆటలో ఏ ప్రయోజనమును లేదు. ఆ లారీని కదలించినచో క్రింద మ్యూ దొరకునను మాట దేశదేశములకు ప్రాకినది. లారీ నిజము, మ్యూ నిజము, రెండింటి సంబంధము కల్పితము. పాడుబడిన కోటలో నిక్షేపమున్నదను మాటకును ఇదే లక్షణము: కోట నిజము, రాజు నిజము, నిక్షేపము జనుల కోరిక. ఇంతలో మరియొక విశేషము కలదు. ఆటలోని ఒక లోపమును ఉపయోగించి మ్యూను నిజముగనే పట్టవచ్చునని 2003లో అభిమానులు కనుగొనిరి. వదంతి అబద్ధమైనను, వెదకుట వ్యర్థము కాలేదు. జానపదవాఙ్మయమును పరిశోధించు వారికి ఇది చిక్కని ఉదాహరణము. ఎందుకనగా ఇచ్చట వదంతి పుట్టిన కాలము, దానికి మూలమైన వస్తువు, అది తీరిన సంవత్సరము మూడును తెలియుచున్నవి.

మన సీమకు రాక

ఆంగ్లరూపమున ఈ ఆట 1998 సెప్టెంబరున అమెరికాలో వెలువడినది. 1997 ఏప్రిలున జపానులో ఆరంభమైన చిత్రకథామాలిక దేశాంతరములకు వ్యాపించి, 2003లో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా భారతదేశమునకు వచ్చినది. ఇచ్చట ఒక తారుమారు జరిగినది. జపానులో ముందు ఆట, దానినుండి బొమ్మల కథ. మనకు ముందు కథ. ఆట ఎంతో కాలమునకు. గేమ్ బాయ్ యంత్రము మన జిల్లా పట్టణముల అంగళ్లలో సామాన్యముగా దొరకు వస్తువు కాలేదు. కేబులు తీగమీద వచ్చిన కథయే ఇచ్చటివారికి మూలగ్రంథమైనది. ఆటను ఎన్నడును చూడని అభిమాని అను జాతి ఈ విధముగా పుట్టినది.

కథతోపాటు వచ్చిన మరియొక వస్తువు ‘తాజో’. చిప్సు పొట్లములలో వేసి యిచ్చిన గుండ్రని బిళ్ల యిది. దానిపై ప్రాణి బొమ్మ ఉండును. పొట్లము తెరచువరకు ఏ బొమ్మ వచ్చునో తెలియదు. వచ్చినదే మరల వచ్చును, కావలసినది రాదు. యంత్రము లేని చోట ఈ బిళ్లయే యంత్రము పనిచేసినది. తీగ లేకయే వినిమయము సాగినది. బిళ్లను నేలపై నుంచి మరియొక బిళ్లతో కొట్టి బోర్లపడునట్లు చేసి గెలుచుకొనుట పిల్లల ఆట. అంతకుముందు తరమువారు అగ్గిపెట్టె పటములతోడను, సిగరెట్టు పెట్టెల అట్టలతోడను, గోలీలతోడను ఇట్లే ఆడిరి. కావున పోకెమాన్ మన వీథిలో క్రొత్త ఆటను నెలకొల్పలేదు. ఉన్న ఆటలో క్రొత్త బొమ్మగా ప్రవేశించినది. జపానులో తీగ చేసిన కూర్పును ఇచ్చట ప్రాత ఆచారము చేసినది. దీనిని మేము ముఖ్యాంశముగా భావించుచున్నాము.

మన ప్రాతపేకలలో దశావతార గంజీఫా అను నొకటి కలదు. పది రంగులు, రంగునకు పండ్రెండు చొప్పున 120 పత్రములు. మత్స్యము, కూర్మము, వరాహము, నృసింహము వరుసగా రంగులగును. జంతురూపములను పత్రములపై చిత్రించి, ఒకదానికంటె నొకటి అధికమని లెక్కించి ఆడుట మనకు అపరిచితము కాదని చెప్పుటకే దీనిని ఉదాహరించితిమి. ఒకదానికి మరియొకటి మూలమని చెప్పుటకు కాదు.

నామవిచారము

తెలుగు శాఖవారు ప్రత్యేకముగ గమనింపదగిన విషయము పేర్లు. ఈ ప్రాణుల పేర్లు రూఢములు కావు, యౌగికములు. పికాచు అను ప్రసిద్ధనామమును విడదీసినచో ‘పికా’ అనునది జపానుభాషలో తళుకునకు, ‘చూ’ అనునది ఎలుక కిచకిచకు అనుకరణములు. తళతళ, మిలమిల, కిచకిచ అను ధ్వన్యనుకరణములు సమృద్ధిగ గల మన భాషకు ఇట్టి పేరు కల్పించుట కష్టము కాదు. వీపున గడ్డగల మరియొక ప్రాణికి జపానునందు ‘ఫుషిగిదానె’ అని పేరు. ‘వింత విత్తనము’ అనియు, ‘వింతగా ఉన్నది గదా’ అనియు రెండర్థములు వచ్చును. ఇది శ్లేష. ఆంగ్లానువాదకులు ఆ శ్లేషను విడిచి, గడ్డ, బల్లి అను అర్థములనిచ్చు పదములను కూర్చి ‘బల్బసార్’ అనిరి. సర్పరూపమగు ప్రాణికి ‘ఎకన్స్’ అని పెట్టిరి. ఆంగ్లాక్షరములను తుదినుండి చదివినచో ‘స్నేక్’ అగును. దాని ఎదిగిన రూపము ‘ఆర్బాక్’. దానిని త్రిప్పి చదివినచో, ఒక్క అక్షరభేదముతో, ‘కోబ్రా’ అగును. విలోమపద్యములు చెప్పిన కవులుగల భాషలో ఈ చమత్కారము రుచింపకపోదు.

కాని ఆ రుచి మన పిల్లలకు అందలేదు. ఫ్రెంచి, జర్మను, కొరియా భాషలవారికి తమ భాషలలో పేర్లు కల్పింపబడినవి. మనకు ఆంగ్లనామములే యథాతథముగ వచ్చినవి. ఆంగ్లవర్ణక్రమమును ఇంకను నేర్వని బాలునికి ‘ఎకన్స్’ అర్థరహితమగు ధ్వని. విలోమము కంటికి తెలియును గాని చెవికి తెలియదు. అయినను వారు ఆ ధ్వనులనే కంఠస్థము చేసిరి. అమరకోశమును అర్థము తెలియకముందే వల్లించిన బాలుర పద్ధతి యిదియే. అచ్చట గురువు, బెత్తము ఉండెడివి; ఇచ్చట అవి లేవు. నామపరంపరను నాలుకపై నిలుపుకొనుటలో ఉన్న సుఖమే ప్రేరకము.

పోకెమాన్ గో అను ఆటలో 2023లో హిందీ చేరినది. ఎనిమిదివందలకు పైగా నామములు నాగరిలిపిలోనికి మార్చబడినవి. అప్పుడు చేర్చబడిన భారతీయభాష హిందీ యొక్కటే. చిత్రకథామాలిక ‘హొరైజన్స్’ 2024 మేలో హంగామా ద్వారా హిందీ, తమిళములతోపాటు తెలుగునను ప్రసారమైనది. అనగా తెలుగు ఈ ఆటకు వినెడు భాషయైనది గాని, చదివెడు భాష కాలేదు. చేతిలో తెలుగక్షరము లేకుండ, నోట తెలుగువాక్యముతో ఆడుట మన అభిమాని ప్రత్యేకస్థితి.

శాస్త్రమును నియమమును

ఆట చెప్పని దానిని తెలిసికొనుట అభిమానుల రెండవ కృత్యము. ఒకే జాతికి చెందిన రెండు ప్రాణులు పైకి సమానముగ కనబడినను బలమున సమానములు కావు. ఆరు గుణములకు ఒక్కొక్కదానికి సున్న మొదలు 31 వరకు ఒక గుప్తసంఖ్య పుట్టుకతోనే నిర్ణయమగును. 2002 నాటి ప్రతులనుండి పద్ధతి యిది. ఆట ఆ సంఖ్యను చెప్పదు. అభిమానులు యుద్ధఫలితములను లెక్కకట్టి సూత్రములను సాధించి పట్టికలు వ్రాసిరి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో పశువుల సంతను చూచినవారికి ఈ విద్య సుపరిచితము. కోడెను కొనువాడు రంగునకు, కొమ్మునకు తృప్తిపడడు. సుడులు చూచును, పండ్లు చూచును, నడిపించి చూచును. పైకి కనబడని గుణమును గుర్తులచేత ఊహించుట రైతుకు జీవనము, అభిమానికి వినోదము. బుద్ధివ్యాపారము మాత్రము ఒక్కటే.

ఈ పరిజ్ఞానమును ఉచితముగ పంచిపెట్టినవారును అభిమానులే. జో మెరిక్ అను బ్రిటిషు యువకుడు 1999లో ఆరంభించిన ‘సెరెబీ’ సంకలనము నేటికిని నిర్మాతల ప్రకటనలకంటె సమగ్రమని పేరొందినది. యంత్రములేని ఊళ్లలోని అభిమానులకు ఇట్టి సంకలనములే ఆట. పిమ్మట సెల్ ఫోనులు వ్యాపించి, ప్రాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాములు వచ్చిన పిదప, 2004 నాటి ప్రతులను పది, పదునైదేండ్లు గడచిన తరువాత మనవారు తొలిసారిగా ఆడిరి. అది అనుమతిలేని మార్గమే. కాని దొరకని పుస్తకమును ఎరవు తెచ్చి ఎత్తి వ్రాసికొన్న కాలమును మన పండితులు మరువలేదు. విక్రయము జరుగని చోట దొంగప్రతియే ప్రతి యగును. ఈ సత్యమును ఖండించుటకంటె నమోదు చేయుట చరిత్రకారుని ధర్మము.

మూడవది, ఆటపై తమ నియమమును తామే విధించుకొనుట. 2010లో నిక్ ఫ్రాంకో అను అమెరికను యువకుడు తాను ఆడిన తీరును బొమ్మలుగా వేసి ప్రకటించెను. పోరున ఓడిన ప్రాణి మరణించినట్లే, దానిని మరల వాడరాదు. ఒక్కొక్క సీమలో తొలుత ఎదురైన ప్రాణినే పట్టవలెను. ఇవి ఆయన నియమములు. పట్టిన ప్రతి ప్రాణికిని పేరు పెట్టుటయు అందు చేరినది. దీనికి ‘నజ్లాక్’ అని పేరు వచ్చి లోకమంతట వ్యాపించినది. ఆట సులభమనిపించినవారు కష్టమును కోరి తెచ్చుకొనిరి. ఓష్ఠ్యాక్షరము లేకుండ కావ్యము చెప్పెదనని పూనిన కవికిని ఈ క్రీడాకారునికిని మనస్తత్త్వము ఒక్కటే. నిర్బంధమువలన కళకు బిగువు వచ్చును. నజ్లాక్‌లో మరియొక ఫలము కలదు: పేరుపెట్టిన ప్రాణి పోయినప్పుడు ఆడువాడు దుఃఖించును. నిర్మాత ఉద్దేశింపని కరుణరసమును అభిమాని కల్పించెను.

సమష్టికల్పనకు 2014 నాటి ఘటన నిదర్శనము. ఫిబ్రవరి 12 మొదలు పదునారు దినములు, ఒకే ఆటను ఒకే పాత్రతో పదునొకండు లక్షలకు పైగా జనులు కలిసి నడపిరి. ఒకడు కుడికనిన మరియొకడు ఎడమకనును. పాత్ర గోడలకు కొట్టుకొనుచు, పదే పదే సంచి తెరచి ఒక శిలాజమును చూచుచుండెను. అర్థములేని ఆ చేష్టకు జనులు అర్థము కల్పించి, ఆ శిలాజమును దేవతగా చేసి, పరిహాసపురాణమునొకదానిని అల్లిరి. ఆట ముగియుటయు ముగిసినది. ఆచారము ముందు పుట్టి, దానికి కథ తరువాత పుట్టునను మాటకు ఇంతకంటె వేగముగల నిరూపణము దొరకదు.

వారసత్వభంగము

బృందమునకును నిర్మాతలకును నడుమ వైరము పొడసూపిన సందర్భములును కలవు. 2002లో క్రొత్తప్రతులు వచ్చినప్పుడు ప్రాతప్రతుల ప్రాణులను వానిలోనికి తెచ్చుకొనుట సాధ్యము కాలేదు. కాని ఆనాటినుండి పదునేడేండ్లు ఒక ప్రాణిని యంత్రమునుండి యంత్రమునకు మార్చుకొనుచు కాపాడుకొనుట సాధ్యమైనది. పదవయేట పట్టినదానిని ఇరువదియేడవ యేట చేతనుంచుకొన్నవారు కలరు. 2019 నవంబరున వెలువడిన స్వోర్డ్, షీల్డ్ అను ప్రతులలో అన్ని జాతులకును చోటుండదని ఆ యేడు జూనులో ప్రకటన వెలువడగా, దేశదేశముల అభిమానులు నిరసించిరి. జంతువుల సంఖ్య పెరిగినకొలది అన్నిటికిని రూపము చెక్కుట, బలము తూచుట అసాధ్యమని నిర్మాతలు చెప్పిరి. అందు యథార్థము లేకపోలేదు. అయినను అభిమానులు అడిగినది సరకు కాదు. తాము కాపాడిన వస్తువునకు తావు. అన్నిటిని పట్టుమని సంవత్సరముల తరబడి బోధించినవారే, పట్టినవానిలో కొన్నిటిని బయట నిలిపిరను భావము వారిని నొప్పించినది.

స్థలములును ఆటయు

2016 జూలైలో అమెరికా మొదలగు దేశములలో పోకెమాన్ గో వెలువడినది. ఇందు ఆటస్థలము తెరలో లేదు, వీథిలో నున్నది. గుడి, మసీదు, విగ్రహము, ప్రాతకట్టడము ఉన్నచోట ఆటకు ఠాణాలు ఏర్పడును. ఈ ఠాణాల జాబితా ఎక్కడిదనగా, అదే సంస్థ అంతకుముందు నడపిన ‘ఇన్‌గ్రెస్’ అను ఆటలో క్రీడాకారులు సూచించిన స్థలములలోనిది. కావున పూర్వము ఆడినవారున్న పట్టణములలో ఠాణాలు దట్టముగ నుండెను. చిన్న ఊళ్లలోను, పేదలు నివసించు పేటలలోను పలుచన. అమెరికాలోనే పరిశోధకులు ఆ సంవత్సరమే ఈ వైషమ్యమును ఎత్తిచూపిరి. మా వాదమునందలి అంచు ఇచ్చట పటముపై చుక్కలరూపమున కంటికి కనబడుచున్నది.

మన దేశమున ఈ ఆట 2016 డిసెంబరున రిలయన్స్ జియోతో కూడి అధికారికముగ ప్రారంభమైనది. జియో సేవలు ఆ సెప్టెంబరుననే మొదలైయుండెను. రిలయన్స్ దుకాణములు ఠాణాలుగా చేయబడినవి. కోటలకు, గుళ్లకు దక్కిన గౌరవము అంగళ్లకును దక్కినది. అంతకుమున్నే, సెప్టెంబరులో, దేవాలయములలో ఆటగ్రుడ్లు దొరకుట భక్తుల మనస్సులను నొప్పించునని గుజరాతు ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము దాఖలైయుండెను. 2001లో సౌదీ అరేబియాలో పోకెమాన్ నిషిద్ధమైనది. 2025లో పోకెమాన్ గో నడపు వ్యాపారమును స్కోప్లీ అను సంస్థ కొనెను, దాని యాజమాన్యము సౌదీ ప్రభుత్వనిధికి చెందినది. కాలము తెచ్చు మార్పులకు ఇదియొక ఉదాహరణము.

చిన్నయూరి క్రీడాకారుని కష్టము వేరు. 2017లో చేర్చిన ముట్టడి పద్ధతిలో బలవంతమగు ప్రాణిని పట్టుటకు పలువురు ఒకేచోట, ఒకేవేళ కూడవలెను. పదిమంది లేని ఊరిలో అది అసాధ్యము. 2020 ఏప్రిలున, మహమ్మారి కాలమున, దూరమునుండి పాల్గొను అనుమతిచీటీ వచ్చినది. అంచుననున్నవారు తొలిసారిగా కేంద్రస్థులతో సమానులైరి. 2023 ఏప్రిలున ఆ చీటీ వెలను నూరు నాణెములనుండి 195కు పెంచి, దినమునకు ఐదింటికి మించరాదని పరిమితి విధించిరి. జనులు వీథులలో కలిసి ఆడవలెనని సంస్థ ఆశయము. ఆశయము మంచిదే. కాని కలియుటకు మరియొకడు లేని ఊరినుండి వచ్చిన ఆక్షేపణకు అది సమాధానము కాలేదు.

స్థలముల జాబితా తరువాత అభిమానులకు తెరవబడినది. 2019 నుండి, గట్టి అనుభవము గల క్రీడాకారుడు తన ఊరి స్థలమును ఛాయాచిత్రముతో, పేరుతో, చిన్న వివరణతో సూచింపవచ్చును; ఇతర క్రీడాకారులు పరీక్షించి ఆమోదింతురు. దీని అర్థమేమి? ఆదవాని జామియా మసీదును సూచించువాడు దానిని కట్టించిన సిద్దీ మసూద్ ఖాన్ పేరు తెలిసికొని వ్రాయవలెను. అతడు బిజాపురు సుల్తానులపక్షమున పదునేడవ శతాబ్దమున ఆదవానిని ఏలినవాడని తెలిసినచో వివరణము బాగుపడును. రణమండలకొండను, కోటగోడను సూచించువానికిని ఇదే వర్తించును. కైఫీయతులు వ్రాయించిన కాలమున కరణము చేసిన పనిని, కొంచెము కొలతలో, ఆటకాడు చేయుచున్నాడు. అందు తప్పులు దొరలవచ్చును, కైఫీయతులలోను దొరలినవి. తప్పును దిద్దుటకు స్థానికచరిత్ర తెలిసినవారు కావలెను. వారు మన విద్యార్థులలోనే ఉండవచ్చును.

ఉపసంహారము

ఇంతవరకు చూచినదానిని సంగ్రహింతము. ప్రతులు రెండగుటవలన వినిమయము, ప్రాణి దాగుటవలన వదంతి, సంఖ్య చెప్పబడకపోవుటవలన శాస్త్రము, ఆట సులభమగుటవలన నియమము, యంత్రము లేకపోవుటవలన బిళ్లల ఆట పుట్టినవి. ప్రతి లోటును అభిమానులు తమ కృషిచే పూరించిరి. ఒక లోటు మాత్రము ఇంకను పూరింపబడలేదు, అది తెలుగు.

ఇది వర్తకవస్తువు గదా, విశ్వవిద్యాలయమున దీనికి తావేల అని ఆక్షేపింపవచ్చును. వర్తకవస్తువే. బిళ్లకొరకు పొట్లములు కొనిపించినది, బాలుని కోరికను లాభముగా మార్చినది. దానిని మేము కప్పిపుచ్చుట లేదు. కాని మేము పరిశీలించినది వస్తువును కాదు, దానిని చేతబట్టినవారు చేసిన పనిని. పులిజూదపు గీతను చెక్కినవాడు రాతిని కొనలేదు. గుడి బండను తనదిగా చేసికొనెను. అభిమాని చేసినదియు అదియే.

2003లో చిత్రకథను చూచిన పదేండ్ల బాలుడు, అందలి కథానాయకుడు 2023 మార్చిలో వీడ్కోలు పలికిననాటికి ముప్పదియేండ్లవాడు. అతడు నేడు ఆదవానిలోనో, ఎమ్మిగనూరులోనో, లేక ఉద్యోగార్థమై బెంగుళూరు, హైదరాబాదులలోనో ఉండును. ఆ బిళ్లలను ఏమని పిలిచెడివారు, మార్పిడిలో ఎన్నింటికి ఎన్ని ఇచ్చెడివారు, అర్థముకాని పేర్లను ఏ పలుకుబడిలోనికి మార్చుకొనిరి, తెలుగు కన్నడము ఉర్దూ కలిసిన ఆ వీథిలో ఏ భాషలో తగవులాడుకొనిరి అను ప్రశ్నలకు సమాధానము ఏ గ్రంథమునను లేదు. అతని జ్ఞాపకమున ఉన్నది. వృత్తిపదములను సేకరించుటకు మన పరిశోధకులు మగ్గముకడకు, నాగలికడకు పోయిరి. అంతటి శ్రద్ధతో ఈ క్రీడాపదములను సేకరించుటకు ఒక విద్యార్థి పూనుకొనినచో, అతనికి కావలసినది ఒక సెల్ ఫోను, కొన్ని ఆదివారములు. ఆలస్యమైనచో రాతిమీది గీతయైనను మిగులదు. ఈ విషయమున పరిశోధకులు శ్రద్ధ వహింతురుగాక.